టెస్టింగ్‌కు రోజులు ముందే కేటాయించండి: సాఫ్ట్‌వేర్ చేసేవారికీ, చేయించుకునేవారికీ బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లోని సాఫ్ట్‌వేర్ సంస్థల యజమానులకు, ప్రాజెక్టు మేనేజర్లకు, వారి చేత సాఫ్ట్‌వేర్ చేయించుకుంటున్న వ్యాపార సంస్థల, సహకార సంఘాల, ప్రభుత్వ శాఖల బాధ్యులకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను గుంటూరులో ఉంటూ 12 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేస్తున్నాను. ఒక ప్రాజెక్టులో టెస్టింగ్‌కు మొదటినుంచి ప్రణాళిక లేకపోవడం వల్ల రైతులకు జరిగిన నష్టం గురించి మా మేనేజర్‌కు మూడుసార్లు, పని ఇచ్చిన సంస్థకు ఒకసారి రాతపూర్వకంగా తెలియజేశాను. మూడింటికి కలిపి ‘చూద్దాం’ అన్న ఒక్క మాట వచ్చింది. నాలుగోదానికి జవాబే రాలేదు. ఆ సంస్థల పేర్లు బయటపెట్టడం నా ఉద్దేశం కాదు. ఈ అలవాటు ఆ రెండు సంస్థలకే పరిమితం కాదని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు కాబట్టి మీ అందరినీ ఉద్దేశించి రాస్తున్నాను.

ముందు జరిగిన సంగతి చెబుతాను.

మా ప్రాంతంలో మిర్చి రైతు ధర వచ్చినప్పుడు అమ్ముకుందామని పంటలో కొంత భాగాన్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) గేటు దాటగానే లెక్కపెట్టి, ఆ విడత సరుకుకు లాటు నంబరు వేసి, రైతు పేరున బాండు రాసిస్తారు. ఆ బాండు చూపించి బ్యాంకులో అప్పు తీసుకుని పాత బాకీలు తీర్చేవారు, మళ్లీ సాగుకు పెట్టుబడి పెట్టేవారు ఎందరో ఉన్నారు. అంటే ఆ కాగితం మీది టిక్కీల సంఖ్య ఒక ఇంటి ఏడాది కష్టం. అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీ వారు చేతిరాత రిజిస్టర్ల స్థానంలో సాఫ్ట్‌వేర్ కావాలని, అప్పట్లో నేను పనిచేస్తున్న సంస్థకు ఆరు నెలల ప్రాజెక్టు ఇచ్చారు. షెడ్యూలులో టెస్టింగ్‌కు 4 వారాలు చూపించారు. మధ్యలో బాండు నమూనా రెండుసార్లు మారింది, యజమాని ఫోన్‌లో రోజువారీ నిల్వలు రంగుల పటాలుగా కనిపించాలన్న కోరిక కొత్తగా వచ్చి చేరింది, కోడింగ్ మూడు వారాలు వెనకబడింది. ఫిబ్రవరిలో సరుకు రావడం మొదలవుతుంది కాబట్టి ప్రారంభ తేదీ మాత్రం కదలలేదు. కోడింగ్ అదనంగా తీసుకున్న ప్రతి రోజూ టెస్టింగ్ ఖాతాలోంచే పోయింది. నాకూ, నాతో పనిచేసిన మరో అమ్మాయికీ చివరికి దక్కినవి 6 పనిదినాలు. మేము రాసుకున్న టెస్ట్ కేసులు, అంటే ఒక్కో సందర్భంలో సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే పరీక్షలు, 214. నడపగలిగినవి 97.

నడపలేకపోయిన వాటిలో 131వ కేసు ఇది: ‘ఒకే ఊరిలో, ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న ఇద్దరు రైతులు సరుకు పెట్టినప్పుడు వారి ఖాతాలు, లాట్లు కలవకూడదు.’ దాని ఎదుట ‘తర్వాతి రిలీజ్‌లో’ అని రాయమన్నారు. నేను రాశాను. ఆ కేసు నడపడానికి పట్టేది 20 నిమిషాలు.

తాత పేరు మనవళ్లిద్దరికి ముగ్గురికి పెట్టడం మన పల్లెల్లో ఎక్కడైనా ఉన్నదే. పెదనాన్న కొడుకు 62 టిక్కీలు పెట్టాడు, బాబాయి కొడుకు ఆ తర్వాత వారం 24 పెట్టాడు. సాఫ్ట్‌వేర్ ఊరు, పేరు చూసి ఇద్దరినీ ఒకే రైతుగా గుర్తించింది. జూన్‌లో తమ్ముడు తన 24 టిక్కీలను బయటకు తీసినప్పుడు, ముందు వచ్చిన లాటులోంచి ముందు తగ్గించాలన్న నియమం ప్రకారం అవి అన్న లాటులో తగ్గాయి. ముఠా కార్మికులు టిక్కీ మీది మార్కు చూసి సరైన సరుకునే దించారు కాబట్టి సరుకు తారుమారు కాలేదు. లెక్క మాత్రం తారుమారైంది. అన్న వచ్చేసరికి చేతిలోని బాండులో 62, కంప్యూటర్‌లో 38.

ఆ పెద్దాయనను నేను చూశాను. వానకు తడవకుండా బాండును పాల కవరులో పెట్టి, ఆ కవరును చేతిసంచిలో అడుగున పెట్టుకుని, కౌంటర్ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ మడత విప్పి అంకె మీద వేలు పెట్టి చూపించేవాడు. కౌంటర్‌లోని కుర్రాడు ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవాడు: ‘సిస్టంలో 38 అనే ఉంది పెదనాన్నా, నేనేం చేయలేను.’ గేటు దగ్గరి పాత చీటీలు వెతికి, లారీ నంబర్లతో సరిచూసి, లెక్క తేల్చడానికి 19 రోజులు పట్టింది. ఆ 19 రోజులూ ఆయన సరుకు అమ్ముకోలేదు, బ్యాంకు వడ్డీ ఆగలేదు, మాట ఇచ్చిన కొనుగోలుదారు మరొకరి సరుకు చూసుకున్నాడు. 24 టిక్కీలు మాయం చేశాడన్న అనుమానంతో కౌంటర్‌లోని కుర్రాడికి ఆ నెల జీతం ఆపారు. ఇంతకూ ఆ తప్పు అతనిది కాదు, రైతుది కాదు, కోడ్ రాసిన అబ్బాయిది మాత్రమే కూడా కాదు. ఆ 20 నిమిషాలను షెడ్యూలులోంచి తీసేసిన నిర్ణయానిది.

ఇలాంటి నిర్ణయాలు ఎవరూ దురుద్దేశంతో తీసుకోరని నాకు తెలుసు. టెస్టింగ్ అంటే కోడింగ్ అయిపోయాక మిగిలిన రోజుల్లో చేసుకునే పని అన్న భావన మనలో స్థిరపడిపోయింది. ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే తన అనుభవంతో వేరే లెక్క చెప్పారు. మొత్తం కాలంలో మూడో వంతు ఆలోచనకూ రూపకల్పనకూ, ఆరో వంతు కోడింగ్‌కూ పోగా, మిగిలిన సగమూ టెస్టింగ్‌కే కావాలన్నారు. ఆ సగంలో ఒక భాగం విడివిడి భాగాల పరీక్షకు, ఇంకో భాగం అన్నీ కలిపిన వ్యవస్థ పరీక్షకు. టెస్టింగ్‌కు సమయం చాలదన్న సంగతి గడువు ముంచుకొచ్చే దాకా ఎవరికీ తెలియదని, అప్పుడు బయటపడే ఆలస్యం అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుందని కూడా ఆయన హెచ్చరించారు. నేను చూసిన ప్రాజెక్టుల్లో సగం మాట అటుంచి, ఆరో వంతు దక్కినా గొప్పే.

ఈ కారణాల వల్ల మీ ముందు ఈ క్రింది కోరికలను ఉంచుతున్నాను.

1. పని ఒప్పందంలోనే టెస్టింగ్‌కు రోజులు, మనుషులు, డబ్బు విడిగా రాయాలి. కోడింగ్ ఆలస్యమైతే ప్రారంభ తేదీని వెనక్కి జరపాలి. తేదీ జరపడానికి వీలులేకపోతే సౌకర్యాల్లో కొన్నిటిని తర్వాతకు వాయిదా వేయాలి. మా ప్రాజెక్టులో రంగుల పటాలు ఒక నెల ఆగి ఉంటే ఏ రైతుకూ నష్టం జరిగేది కాదు. పనిని రెండు వారాల ముక్కలుగా (స్ప్రింట్‌లుగా) విడగొట్టి చేసే సంస్థలు తమకు టెస్ట్ ప్లాన్, అంటే ఏం, ఎప్పుడు, ఎలా పరీక్షించాలో రాసుకునే ప్రణాళిక, అవసరం లేదంటున్నాయి. ఆ పద్ధతిలోనూ ప్రతి స్ప్రింట్‌లో చేసిన పనిని ఆ స్ప్రింట్‌లోనే పరీక్షించే సమయం లెక్కలో ఉండాలి, పరీక్ష కానిదాన్ని పూర్తయిన పనిగా చూపించకూడదు.

2. రిక్వైర్‌మెంట్లు (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలన్న అవసరాలు) మాట్లాడుకునే మొదటి సమావేశంలోనే టెస్టర్‌ను కూర్చోబెట్టాలి. ‘ఒకే పేరున్న ఇద్దరు వస్తే ఎలా?’ అన్న ప్రశ్న ఆ రోజు అడిగితే సమాధానం కాగితం మీద ఒక గీత మార్చడంతో సరిపోతుంది. అదే ప్రశ్న జూన్‌లో రైతు అడిగితే 19 రోజులు పడుతుంది. యూనిట్ (విడి భాగాల), ఇంటిగ్రేషన్ (కలిపిన భాగాల), సిస్టం (మొత్తం వ్యవస్థ), వినియోగదారు ఆమోద పరీక్షలు కోడింగ్ తర్వాత జరిగినా, వాటిలో ఏం చూడాలన్నది రిక్వైర్‌మెంట్లు, డిజైన్ రాస్తున్నప్పుడే రాసుకోవాలని మనమందరం కళాశాలలో చదువుకున్న వీ మోడల్ చెబుతుంది. పరీక్షల కోసం చదివాం, పనిలోకి వచ్చాక పక్కన పెట్టాం.

3. టెస్ట్ ప్లాన్‌ను ఆ ప్రాజెక్టు కోసమే రాయాలి. పాత ప్రాజెక్టు ఫైలు తెరిచి, పేరు మార్చి, సంతకం పెట్టించే పని నేనూ చేశాను. ఒకసారి అలా ఇచ్చిన ప్లాన్‌లో ఏడో పేజీలో వేరే ఖాతాదారు పేరు అలాగే ఉండిపోయింది. ఆ పేజీ మీద ముగ్గురు సంతకం పెట్టారు, ముగ్గురిలో ఒక్కరూ చదవలేదు. అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘమైన ఐఈఈఈ 1983లో తెచ్చిన 829 ప్రమాణం టెస్ట్ ప్లాన్‌లో ఏమేం ఉండాలో వరుసగా చెప్పింది. 2013 నుంచి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలైన ఐఎస్ఓ, ఐఈసీలు ఐఈఈఈతో కలిసి తెచ్చిన 29119 ప్రమాణాలు దాని స్థానంలోకి వచ్చాయి. ఆ పాత ప్రమాణంలోని ఒక శీర్షికను మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను: ఏవి పరీక్షిస్తామో రాయడంతోపాటు, ఏవి పరీక్షించబోవడం లేదో, ఎందుకు పరీక్షించబోవడం లేదో కూడా రాయాలి. మా 117 కేసులు వదిలేస్తున్నామన్న సంగతి కోల్డ్ స్టోరేజీ వారికి తెలియదు. ఆ జాబితా వారి ముందు పెట్టి సంతకం అడిగి ఉంటే, 131వ దాన్ని చదివిన మరుక్షణమే వారు ఆపేవారు. ఎందుకంటే ఒకే పేరున్న రైతులు తమ దగ్గరకు ఎందరు వస్తారో మాకంటే వారికే బాగా తెలుసు.

4. టెస్ట్ డేటాను మన జనాన్ని చూసి తయారుచేయాలి. ‘టెస్ట్ వన్’, ‘టెస్ట్ టూ’ అన్న పేర్లతో నడిచిన సాఫ్ట్‌వేర్ మన ఊళ్లలో నిలబడదు. ఇంటిపేరు ముందు రాసేవారు, పొడి అక్షరంగా రాసేవారు, అసలు రాయనివారు ఉన్నారు. ఆధార్‌లో ‘లక్ష్మి’ అన్న పేరుకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకటి, పట్టాదారు పాస్‌పుస్తకంలో మరొకటి ఉంటుంది. తెలుగులో పేర్లు నమోదు చేసే చోట ఇంకొక చిక్కు ఉంది. ‘గుంటూరు’ అన్న మాటలో గుణింతపు గుర్తులూ, సున్నా విడివిడిగా లెక్కిస్తే 7 కోడ్‌లు ఉంటాయి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల (కంప్యూటర్‌లో చోటును కొలిచే ప్రమాణం) చొప్పున మొత్తం 21 బైట్లు. అదే ఊరి పేరు ఇంగ్లిష్‌లో 6 బైట్లలో ఇమిడిపోతుంది. పేరుకు 30 బైట్లు చాలని డేటాబేస్‌లో గీత గీస్తే, మన పేరు సగంలో తెగిపోయి బాండు మీద అచ్చవుతుంది. ప్రపంచంలోనే పెద్ద సంస్థలకు కూడా ఈ విషయంలో మినహాయింపు లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న మన అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి, ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. డేటా తయారుచేసే సమయం లేదని, అసలు రైతుల ఆధార్, ఫోన్ నంబర్లున్న ఫైలును యథాతథంగా టెస్టింగ్ కంప్యూటర్లలోకి ఎక్కించడం కూడా మానుకోవాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసుకున్న దేశంలో ఇది జరగకూడని పని.

5. సాఫ్ట్‌వేర్ వాడే చోటికి వెళ్లి పరీక్షించడానికి ప్లాన్‌లోనే రోజులు ఉండాలి. మేము ఫైబర్ నెట్ ఉన్న ఏసీ గదిలో పరీక్షించాం. కోల్డ్ స్టోరేజీ గోడలు మందం, లోపల సిగ్నల్ అందదు. చలి గదిలోంచి ఫోన్ పట్టుకుని ఎండలోకి వస్తే తెర మీద తేమ పట్టి, వేలు పెట్టినా పలకదు. ఇది మాకు తెలిసింది సరుకు లోడింగ్ మొదలైన రెండో రోజున.

6. పాత రిజిస్టర్ల నుంచి కొత్త వ్యవస్థలోకి లెక్కలు మార్చడాన్ని విడి పనిగా పరీక్షించాలి, కనీసం ఒక సీజన్ పాటు చేతిరాత రిజిస్టరునూ సమాంతరంగా నడపాలి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఖాతాలను కొత్త వ్యవస్థలోకి మార్చినప్పుడు లక్షలాది మంది తమ ఖాతా తాము తెరుచుకోలేకపోయారు, 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. అంత పెద్ద బ్యాంకు ఆ దెబ్బకు తట్టుకుంది. మన పెద్దాయనను కాపాడింది గేటు దగ్గర అలవాటు కొద్దీ ఎవరో దాచిన చీటీల కట్ట.

7. విడుదల ఆపమని చెప్పే అధికారం టెస్టింగ్ బృందానికి ఉండాలి. ఎలాంటి లోపం (బగ్) ఉంటే ప్రారంభించకూడదో, ఏ సందర్భంలో పరీక్షనే ఆపి కోడ్‌ను వెనక్కి పంపాలో ముందుగానే రాసుకోవాలి. ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు, పిలుపులు అందాక, ఆ చర్చ మొదలుపెడితే ఎవరి మాటా నెగ్గదు. అమెరికాలో ఆరోగ్య బీమా నమోదు కోసం 2013 అక్టోబరు 1న హెల్త్‌కేర్ డాట్ గవ్‌ను ప్రారంభించినప్పుడు మొదటి రోజు నమోదు పూర్తి చేసుకోగలిగినవారు ఆరుగురు. అన్ని భాగాలనూ కలిపి పరీక్షించడానికి తమకు దొరికింది చివరి రెండు వారాలేనని కాంట్రాక్టర్లు అక్కడి కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పారు. తేదీ కదలని చోట ఎంత డబ్బున్నా అంతే జరుగుతుంది.

8. ప్రభుత్వ శాఖల అధికారులకు ప్రత్యేకంగా ఒక మనవి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జాబితాలోని ఆడిటర్ ఇచ్చిన భద్రతా సర్టిఫికెట్ ఉంది కాబట్టి టెస్టింగ్ అయిపోయినట్టేనని సమావేశాల్లో అంటుంటారు. దొంగ లోపలికి రాగలడా లేదా అన్నది ఆ ఆడిట్ చూస్తుంది. 62 టిక్కీలు 62గానే ఉన్నాయా అన్నది చూడడం దాని పని కాదు. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద ఎస్‌టీక్యూసీ అనే పరీక్షా సంస్థ 1980 నుంచి పనిచేస్తోంది. ప్రజల డబ్బుతో, ప్రజల లెక్కల కోసం చేయించే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ తయారుచేసిన సంస్థతో సంబంధం లేని పరీక్ష తప్పనిసరి చేయాలి. ఆ టెస్ట్ ప్లాన్‌నూ, చివరి నివేదికనూ 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరూ అడగకముందే ప్రజల ముందు పెట్టాలి.

9. ‘సిస్టంలో అలా ఉంది’ అన్న మాటను ఏ కౌంటర్‌లోనూ తుది జవాబుగా అంగీకరించకూడదు. బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ చూపించిన లోటును నమ్మి 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లను దోషులుగా నిలబెట్టారు. కొందరు జైలుకు వెళ్లారు, ఎందరో ఇళ్లు అమ్ముకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌లోనే లోపాలున్నాయని 2019లో అక్కడి హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మా కౌంటర్‌లోని కుర్రాడికి ఆగిన ఒక నెల జీతం వాటి పక్కన చిన్నదే కావచ్చు, కానీ దారి అదే. లెక్క తేడా వచ్చిందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, మనిషిని అనుమానించే ముందు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే బాధ్యత ఎవరిదో, ఎన్ని రోజుల్లో తేల్చాలో ఒప్పందంలో ఉండాలి.

వీటన్నిటికీ ఖర్చవుతుందని మీరు అంటారు. అవుతుంది. మా ప్రాజెక్టులో మిగిలిన 117 కేసులు నడపడానికి ఇద్దరికి ఇంకో 8 రోజులు పట్టేది. ఆ తర్వాత లెక్కలు సరిచేయడానికి నలుగురు డెవలపర్లు, ఇద్దరు గుమస్తాలు రెండు నెలలు పనిచేశారు. రైతులు బస్సు ఛార్జీలకూ, వడ్డీలకూ పెట్టినది మీ లెక్క పుస్తకాల్లో ఎక్కడా రాదు, ఆ కాలమ్ వారి ఇళ్లలో ఉంది.

తోటి టెస్టర్లకు కూడా ఒక మాట. ‘తర్వాతి రిలీజ్‌లో’ అని రాయమన్నప్పుడు నేను అభ్యంతరం చెప్పాను, కానీ ఆ అభ్యంతరాన్ని కాగితం మీద పెట్టలేదు. పెట్టి ఉండాల్సింది. నడపని ప్రతి కేసు ఎదుట, అది తప్పితే ఎవరికి ఏమవుతుందో ఒక్క వాక్యం రాసి పై అధికారికి పంపండి. ‘ఖాతాలు కలుస్తాయి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘ఒక రైతు సరుకు ఇంకొకరి ఖాతాలో తగ్గిపోతుంది’ అని రాస్తే చదివినవారు ఒక్క క్షణమైనా ఆగుతారు.

వచ్చే ఫిబ్రవరిలో కొత్త పంట మళ్లీ కోల్డ్ స్టోరేజీల గేటు దాటుతుంది. ఆ సీజన్ కోసం ఇదే సాఫ్ట్‌వేర్‌ను మరికొన్ని చోట్ల పెట్టే పని మొదలైందని తెలిసింది. ఆ పనికి టెస్ట్ ప్లాన్ ఎవరు రాస్తున్నారో, టెస్టింగ్‌కు ఎన్ని రోజులు కేటాయించారో, 131వ కేసు అందులో ఉందో లేదో సంబంధిత బాధ్యులు రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. పాత 214 టెస్ట్ కేసుల కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అడిగినవారికి వచ్చి కూర్చుని వివరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ టెస్టర్,
గుంటూరు